వెండి కొండలు – 9: లెడ్‌విల్‌లో ఒక సలూన్, మన రూపాయి

గత భాగంలో కాలిఫోర్నియా గల్చ్ అనే వాగు ఒడ్డున, ఇసుక కడిగి బంగారం ఏరుకునేవాళ్ళ దగ్గర ఆగాం. 1860 ఏప్రిల్‌లో అబే లీ బృందానికి అక్కడ కంటబడిన బంగారం కొన్నేళ్ళకే అడుగంటింది. వేలమంది గుడారాలు వేసుకున్న ఓరో సిటీలో చివరికి మొండిపట్టు మనుషులు కొద్దిమందే మిగిలారు. వాళ్ళను అన్నిటికన్నా విసిగించింది ఒక నల్లటి ఇసుక. మామూలు ఇసుకలా నీళ్ళలో కొట్టుకుపోకుండా, బరువుగా కిందికి దిగి, బంగారం కడిగే చెక్క తొట్లలో పేరుకుపోయేది. పదిహేనేళ్ళ పాటు దాన్ని తిట్టుకుంటూ ఎత్తి అవతల పారబోశారు. 1870ల నడిమధ్యలో విలియం స్టీవెన్స్, ఆల్వినస్ వుడ్ అనే ఇద్దరు దాన్ని పరీక్ష చేయిస్తే అసలు సంగతి తేలింది. అది సీసపు కార్బొనేటు. దాని నిండా వెండి.

ఆ కబురు పొక్కాక ఏం జరిగిందో ఊహించడం కష్టం కాదు. 1877లో జనం రావడం మొదలైంది. 1878 మొదట్లో ఊరికి లెడ్‌విల్ అని పేరు పెట్టుకున్నారు. 1880 జనాభా లెక్కల నాటికి అక్కడ 14,820 మంది ఉన్నారు. కొలరాడో మొత్తంలో డెన్వర్ తర్వాత అదే పెద్ద పట్టణం. రాకీ పర్వతాల నడుమ, సముద్రమట్టానికి 10,152 అడుగుల ఎత్తున, నాలుగేళ్ళ కిందట అడవి తప్ప మరేమీ లేని చోట ఇది జరిగింది.

ఈ భాగంలో పాఠకుల్ని గని లోపలికి కాకుండా సలూన్ లోపలికి తీసుకెళ్తున్నాను. సలూన్ అంటే ఆ కాలపు అమెరికా మద్యశాల. గనుల పట్టణాల చరిత్ర రాసేవాళ్ళు చాలామంది దాన్ని తుపాకీ కాల్పుల కోసం ఒకసారి తలుచుకుని వదిలేస్తారు. నాకు అది అన్యాయంగా అనిపిస్తుంది. బ్యాంకు, సత్రం, పనుల అడ్డా, పంచాయితీ అరుగు, వార్తల కచేరీ అన్నీ అదే అయిన చోటును పక్కన పెడితే, ఆ ఊరు ఎలా బతికిందో ఎలా కూలిందో అర్థం కాదు. పైగా ఆ కూలడంలో మన దేశానికీ ఒక పాత్ర ఉంది. అక్కడికి నెమ్మదిగా వస్తాను.

డెన్వర్ నుంచి లెడ్‌విల్ ఇవాళ నూరు మైళ్ళ పైచిలుకు దారి. పెద్ద రహదారి మీద పడమరకు వెళ్ళి, కాపర్ మౌంటెన్ దగ్గర దక్షిణానికి మళ్ళితే ఫ్రీమాంట్ కనుమ ఎక్కాలి. కనుమ శిఖరం 11,318 అడుగులు. అక్కడ రోడ్డు పక్కనే సగం కొండను తవ్వేసిన క్లైమాక్స్ గని కనిపిస్తుంది. అది ఉక్కులో కలిపే మాలిబ్డినం గని. అవతలి వైపు దిగుతుంటే ఆర్కన్సా నది పుట్టే లోయ, దానికి పడమటి గోడలా మౌంట్ మాసివ్, మౌంట్ ఎల్బర్ట్ శిఖరాలు వస్తాయి. 14,440 అడుగుల ఎల్బర్ట్‌ను మించిన కొండ మొత్తం రాకీ పర్వతాల్లో లేదు. ఊళ్ళో కారు దిగి పది అడుగులు గబగబా వేస్తే ఊపిరి అందదు. ఆ ఎత్తులో నీళ్ళు సుమారు 90 డిగ్రీలకే మరుగుతాయి కాబట్టి బియ్యం పెట్టి ఎంతసేపు చూసినా పలుకు పోదు. 1879లో ఇక్కడికి వచ్చిన మనిషి రైలు లేకుండా, బండ్ల మీదో కాలినడకనో మంచు కనుమలు దాటి వచ్చాడు. డెన్వర్ అండ్ రియో గ్రాండ్ కంపెనీ రైలు 1880 జులైలో గానీ ఊరు చేరలేదు. తొలి రైళ్ళలో వచ్చిన ప్రముఖుడు మాజీ అధ్యక్షుడు యులిసిస్ గ్రాంట్.

ఊరికి వెన్నెముక హారిసన్ అవెన్యూ. ఆ వీధిలో 315 నంబరు ఇంట్లో సిల్వర్ డాలర్ సలూన్ ఉంది. 1879లో తెరిచిన నాడు దాని పేరు బోర్డ్ ఆఫ్ ట్రేడ్. ఇటుక కట్టడం, వీధి వైపు అద్దాల ముఖం, లోపల ఒక గోడ పొడవునా చెక్క బల్ల, దాని వెనక నిలువెత్తు అద్దాలు. ఆ కాలపు సలూన్లన్నిటికీ ఇంచుమించు ఇదే అమరిక. గిరాకీ నిలబడే తాగుతాడు. కాలు పెట్టుకోవడానికి కింద ఇత్తడి కడ్డీ ఉంటుంది. వెనక అద్దం ఉన్నది గదిని రెట్టింపు చేసి చూపడానికే కాదు, బల్ల వైపు తిరిగి నిలబడ్డవాడికి తన వెనక ఎవరు వస్తున్నారో తెలియడానికి కూడా. తలుపు దాటగానే అడ్డంగా ఒక చెక్క తెర పెట్టడం చాలా సలూన్లలో ఆనవాయితీ. అది మంచుగాలిని ఆపేది, వీధిలో పోయే ఆడవాళ్ళ చూపునూ ఆపేది.

1878–79 చలికాలంలో ఇలాంటి గదికి ఉన్న విలువ సారాయి వల్ల వచ్చింది కాదు. వెచ్చదనం వల్ల వచ్చింది. రోజూ వందమంది దిగుతున్న ఊళ్ళో ఇళ్ళు లేవు. పెద్ద పెద్ద గుడారాల్లో అంతస్తుల బల్లలు వేసి, ఒకడు లేచి గనికి పోగానే అదే పరుపు మీద ఇంకొకణ్ణి పడుకోబెట్టేవాళ్ళు. అదీ దొరకనివాళ్ళు డబ్బులిచ్చి సలూన్ నేల మీద, రంపపు పొట్టులో పడుకునేవాళ్ళు. బయట ఉండిపోయినవాళ్ళలో కొందరు తెల్లారేసరికి బిగుసుకుపోయి కనిపించేవాళ్ళు. న్యుమోనియా గని ప్రమాదాల కన్నా ఎక్కువమందిని తీసుకుపోయింది. ఊళ్ళో సలూన్లు వందకు పైగా ఉండేవంటే మనకు అది తాగుబోతుల లెక్కలా వినిపిస్తుంది. పొయ్యి వెలిగే గదుల లెక్కగా చూస్తే వేరే ఊరు కనిపిస్తుంది.

వ్యాపారం కూడా అక్కడే. కూలి చీటీని నగదు చేసుకోవడం, మేస్త్రీ కంటబడి మర్నాటి పని ఖాయం చేసుకోవడం, ఐర్లండ్ నుంచో కార్న్‌వాల్ నుంచో వచ్చిన ఉత్తరం చదివించుకోవడం, గని వాటా అమ్మడం అన్నీ ఆ బల్లల దగ్గర సాగాయి. గనిలో దిగేవాడికి రోజుకు మూడు డాలర్లు. ఖనిజం ఎక్కడుందో వెతుక్కుంటూ తిరిగేవాడికి అదీ లేదు. వాడికి ఎవరైనా తిండి, పార, పలుగు, మందుగుండు సామాను ఇచ్చి పంపితే, దొరికినదాంట్లో వాటా వాళ్ళది. దీన్ని గ్రబ్‌స్టేక్ అనేవాళ్ళు. కాగితం మీద రెండు వాక్యాలు, కింద సంతకాలు, అంతే. లెడ్‌విల్ చరిత్రనంతా మార్చింది అలాంటి ఒక ఒప్పందమే.

హోరేస్ టేబర్ కొండల్లోకి వచ్చింది 1860లోనే. భార్య ఆగస్టా, పసివాడైన కొడుకు వెంట ఉన్నారు. పద్దెనిమిదేళ్ళు ఒక గనుల ఊరి నుంచి ఇంకో గనుల ఊరికి తిరుగుతూ కిరాణా కొట్టు, పోస్టాఫీసు నడిపారు. నిజానికి నడిపింది ఆగస్టా. వంట చేసి భోజనాలు పెట్టింది, బట్టలుతికింది, బంగారపు పొడి తూచింది, పద్దులు రాసింది. 1878 వసంతంలో ఆగస్ట్ రిషే, జార్జ్ హుక్ అనే ఇద్దరు జర్మన్లు టేబర్ కొట్టుకు వచ్చి సామాను అడిగారు. మొదటిసారి ఇచ్చిన సరుకు పదిహేడు డాలర్లదంటారు. మొత్తం మీద అరవై చిల్లర దాటలేదు. బదులుగా మూడో వంతు వాటా. వాళ్ళు ఫ్రయర్ హిల్ మీద తవ్వడం మొదలుపెట్టి, ముప్పై అడుగుల లోపే వెండి కనుక్కున్నారు. అదే లిటిల్ పిట్స్‌బర్గ్ గని. వాళ్ళు అక్కడ తవ్వడానికి కారణం చెట్టు నీడేనని, టేబర్ కొట్టు నుంచి తెచ్చుకున్న విస్కీ అక్కడే తాగారని ఊరివాళ్ళు చెప్పుకునే కథ. మరుసటి ఏడు టేబర్ తన వాటాను పది లక్షల డాలర్లకు అమ్మాడు. 1,17,000 డాలర్లు పెట్టి మ్యాచ్‌లెస్ అనే ఇంకో గని కొన్నాడు. అప్పటికే ఊరికి తొలి మేయర్, తర్వాత రాష్ట్ర లెఫ్టినెంట్ గవర్నర్.

టేబర్ ఆ డబ్బుతో చేసిన మొదటి పెద్ద పని హారిసన్ అవెన్యూలో నాటకశాల కట్టించడం. సిల్వర్ డాలర్ గుమ్మంలో నిలబడితే వీధికి ఎదుటి వరసలో ఇప్పటికీ ఆ మూడంతస్తుల ఇటుక భవనం కనిపిస్తుంది. వంద రోజుల్లో లేపారు. 1879 నవంబరు 20న ప్రారంభం. అదే రోజు తెల్లవారుజామున ముసుగులు వేసుకున్న గుంపు జైలు మీద పడి ఇద్దరు ఖైదీలను లాక్కుపోయి, కట్టుబడిలో ఉన్న కోర్టు భవనం దగ్గర ఉరితీసింది. సాయంత్రం నాటకానికి జనం పలచగా వచ్చారు. ఒకే ఊళ్ళో, ఒకే రోజున, నూటయాభై గజాలో రెండు వందల గజాలో దూరంలో ఈ రెండూ జరిగాయి. లెడ్‌విల్‌ను అడవి ఊరనీ చెప్పలేం, నాగరిక నగరమనీ చెప్పలేం.

ఆ నాటకశాల వేదిక మీద 1882 ఏప్రిల్ 13న రచయిత ఆస్కార్ వైల్డ్ మాట్లాడాడు. అంశం కళ. ఇటలీ కంసాలి, శిల్పి బెన్వెనూటో చెల్లీని గురించి గనుల కూలీలకు చెప్పాడు. వాళ్ళు వెండిలోనే పుట్టి పెరుగుతున్నవాళ్ళు కదా, వెండిని అందంగా మలిచినవాడి కథ వినాలి అనుకున్నాడు. వాళ్ళు విన్నారు కూడా. ఆ రాత్రి ఆయన్ను తొట్టిలో కూర్చోబెట్టి మ్యాచ్‌లెస్ గనిలోకి దించారు. లోపల విందులో మొదటి వడ్డన విస్కీ, రెండోదీ విస్కీ, మూడోదీ విస్కీ అని ఆయనే తర్వాత రాశాడు. ఒక సలూన్‌లో పియానో వాయించేవాణ్ణి కాల్చవద్దని, పాపం అతను చేతనైనంత చేస్తున్నాడని ఒక ప్రకటన చూశానని కూడా రాశాడు. ఆయన నగ్న సత్యం రాశాడో, కాస్త మెరుగుపెట్టాడో గానీ, అక్కడి మనుషుల మీద ఆయన గౌరవం మాత్రం నిజమైనది. వాళ్ళ మర్యాదను మెచ్చుకున్నాడు.

కాల్పుల సంగతి కూడా చెప్పాలి. చెప్పకపోతే ఈ వీధి గురించి వినివున్న పాఠకులు ఒప్పుకోరు. కానీ సినిమాల్లో చూపినట్టు కాకుండా, జరిగినట్టు చెబుతాను.

జాన్ హెన్రీ హాలిడే 1851లో జార్జియాలో పుట్టాడు. ఇరవై ఏళ్ళకు ఫిలడెల్ఫియాలో దంతవైద్యం చదివి పట్టా తీసుకున్నాడు. తల్లిని తీసుకుపోయిన క్షయ అతన్నీ పట్టుకుంది. దగ్గేవాడి చేత పళ్ళు చూపించుకునేవాళ్ళు ఎవరుంటారు? పడమటి ఊళ్ళకు వెళ్ళి పేకాట మీద బతకడం మొదలుపెట్టాడు. 1881 అక్టోబరులో అరిజోనాలోని టూంబ్‌స్టోన్‌లో ఓకే కొరాల్ కాల్పుల్లో ఎర్ప్ సోదరుల పక్కన నిలబడి పేరు మోశాడు. డాక్ అనే పిలుపు చదువు వల్ల వచ్చింది, భయం తుపాకీ వల్ల వచ్చింది. 1882లో లెడ్‌విల్ చేరి, సలూన్లలో ఫేరో ఆట పంచేవాడిగా కుదిరాడు.

ఫేరో గురించి రెండు మాటలు. మన పల్లెల్లో జాతరలప్పుడు ఆడే లోనా–బయటా తెలిసినవాళ్ళకు ఇది వెంటనే అర్థమవుతుంది. బల్ల మీద పరిచిన గుడ్డ మీద పదమూడు ముక్కల బొమ్మలుంటాయి. ఆటగాడు తనకు నచ్చిన ముక్క మీద డబ్బు పెడతాడు. పంచేవాడు పెట్టెలోంచి రెండేసి ముక్కలు తీస్తాడు. మొదట వచ్చింది ఓడినట్టు, రెండోది గెలిచినట్టు. రెండూ ఒకే అంకె అయితే దాని మీద పెట్టిన డబ్బులో సగం ఇంటివాళ్ళకు. న్యాయంగా ఆడితే ఇంటికి మిగిలేది అతి స్వల్పం. అందుకే న్యాయంగా ఆడించే ఇళ్ళు తక్కువ. ముక్కలు దొంగతనంగా అటూ ఇటూ మార్చే పెట్టెలు తయారుచేసి అమ్మే దుకాణాలుండేవి. వారం కూలిని ఒక గంటలో అక్కడ వదిలిపోయిన గని కూలీలు వేలమంది. ఆ సలూన్లను నేను ఎంత మనసు పెట్టి చూసినా, ఈ దోపిడీని చిన్నది చేసి చెప్పలేను.

1884 నాటికి హాలిడే బాగా చిక్కిపోయాడు. పది వేల అడుగుల ఎత్తులో, చెడిన ఊపిరితిత్తులతో, పని పోయి, అప్పుల్లో ఉన్నాడు. మోనార్క్ సలూన్‌లో పనిచేసే బిల్లీ ఆలెన్ అనే మాజీ పోలీసు దగ్గర ఐదు డాలర్లు చేబదులు తీసుకున్నాడు. గడువు దాటింది. ఆలెన్ అందరి ముందూ బెదిరించాడు. ఆగస్టు 19న హైమన్ సలూన్‌లోకి ఆలెన్ అడుగు పెట్టాడు. అది నాటకశాలను ఆనుకుని ఉన్న సలూన్, ఇప్పటి సిల్వర్ డాలర్‌కు దాదాపు ఎదురుగా. చుట్టల బల్ల వెనక కాచుకుని ఉన్న హాలిడే కాల్చాడు. ఒక గుండు గురి తప్పింది, ఒకటి ఆలెన్ కుడి చేతిలో దిగింది. మళ్ళీ కాల్చబోతుంటే పక్కవాళ్ళు పట్టుకున్నారు. ఆలెన్ బతికాడు. హత్యాయత్నం కేసు నడిచి, 1885 మార్చిలో జ్యూరీ హాలిడేను నిర్దోషిగా వదిలేసింది. ఎదుటివాడు తనకన్నా బలవంతుడు, ముందుగా బెదిరించినవాడు, తాను దెబ్బలాడే స్థితిలో లేని రోగి అన్న వాదన వాళ్ళకు నచ్చింది. హాలిడే చేసిన చివరి కాల్పులు అవే. 1887 నవంబరు 8న, కొండ దిగువన గ్లెన్‌వుడ్ స్ప్రింగ్స్‌లో, ముప్పై ఆరేళ్ళకు, క్షయతోనే మంచం మీద పోయాడు. ఐదు డాలర్ల కోసం చావుబతుకుల దాకా వచ్చిన ఆ ఇద్దరూ ఒకే వీధిలో, ఒకే రకం కొలువు చేసుకునే పేదవాళ్ళు. పక్కనే కోటీశ్వరుడి నాటకశాల.

ఇక వెండి ధర దగ్గరికి వస్తాను. ఈ భాగం రాయడానికి అసలు కారణం అదే.

లెడ్‌విల్ వెండిని కొనేది ఎవరు? పెద్ద కొనుగోలుదారులు ఇద్దరు. ఒకటి అమెరికా ప్రభుత్వం. 1878 ఫిబ్రవరిలో వచ్చిన బ్లాండ్–ఆలిసన్ చట్టం ప్రకారం నెలకు ఇరవై నుంచి నలభై లక్షల డాలర్ల వెండి కొని నాణేలు పోయాలి. 1890లో షెర్మన్ చట్టం దాన్ని నెలకు 45 లక్షల ఔన్సులకు పెంచింది. రెండోది భారతదేశం. మన రూపాయి వెండి రూపాయి. బరువు 180 గ్రెయిన్లు, సరిగ్గా ఒక తులం, అందులో 165 గ్రెయిన్ల మేలిమి వెండి. కలకత్తాలో, బొంబాయిలో ఉన్న టంకశాలలకు ఎవరైనా వెండి పట్టుకెళ్ళి, కొద్దిపాటి రుసుము ఇచ్చి రూపాయలుగా పోయించుకోవచ్చు. మద్రాసు టంకశాల 1869లోనే మూతపడింది కాబట్టి మన ప్రాంతాలకు రూపాయలు ఆ రెండు చోట్ల నుంచే వచ్చేవి. నిజాం హాలీ సిక్కా వేరే పోత అయినా అదీ వెండిదే.

అందువల్ల తెలుగు రైతు ఇంట్లో వెండి అంటే అలంకారం మాత్రమే కాదు. కాళ్ళ కడియాలు, దండకడియం, మొలతాడు అన్నీ కరువు రోజుకు దాచిన డబ్బు. ఇన్ని రూపాయల ఎత్తు అని తూచి చెప్పుకునేవాళ్ళు. 1876–78 నాటి ధాత కరువులో బళ్ళారి, కడప, కర్నూలు, నెల్లూరు జిల్లాల్లో జనం ఆ నగలను ఒలిచి అమ్ముకున్నారు. కరువు జిల్లాల నుంచి కట్టలు కట్టలుగా వెండి నగలు బొంబాయి టంకశాలకు చేరి రూపాయలుగా మారాయి. లెడ్‌విల్ కొండలో మొదటి గనులు తవ్వుతున్నది కూడా సరిగ్గా ఆ రెండేళ్ళే. అక్కడ మట్టిలోంచి వెండి పైకి వస్తుంటే, ఇక్కడ ఆకలిగొన్న ఆడవాళ్ళ ఒంటి మీంచి దిగుతోంది.

ప్రపంచమంతటా వెండి ఎక్కువై, జర్మనీ మొదలుకొని ఒక్కో దేశం బంగారు నాణేనికి మారుతుంటే, వెండి ధర పడుతూ వచ్చింది. 1870ల ఆరంభంలో దాదాపు రెండు షిల్లింగులున్న రూపాయి 1893కి ఒక షిల్లింగు మూడు పెన్స్ దరిదాపులకు దిగింది. లండన్‌లో జీతాలకు, పింఛన్లకు, వడ్డీలకు భారత ప్రభుత్వం ఏటా ఒకటిన్నర కోట్ల పౌన్లకు పైగా కట్టాలి. అది కట్టేది పౌన్లలో, వసూలు చేసేది రూపాయల్లో. రూపాయి పడిన కొద్దీ ఎక్కువ శిస్తు పిండాలి. ఏం చేయాలో తేల్చడానికి హర్షెల్ కమిటీ కూర్చుంది. చివరికి 1893 జూన్ 26న సిమ్లాలో చట్టం చేసి, ఇక ప్రజలు తెచ్చే వెండిని టంకశాలల్లో రూపాయలుగా పోయబోమని ప్రకటించారు.

ఆ తంతి వార్త కొలరాడో చేరడానికి ఎక్కువసేపు పట్టలేదు. ఔన్సు 80 సెంట్లకు పైగా పలుకుతున్న వెండి నాలుగైదు రోజుల్లో 65 సెంట్ల లోపుకు పడిపోయింది. ఆ నెల ముగిసేలోపే డెన్వర్‌లో గనుల, కొలుముల యజమానులు కూడి పని ఆపేయాలని నిర్ణయించారు. జులైలో డెన్వర్‌లో మూడు రోజుల్లో పన్నెండు బ్యాంకులు తలుపులు మూశాయి. రాష్ట్రమంతటా నాలుగు వందలకు పైగా గనులు ఆగి, 45,000 మంది పని పోగొట్టుకున్నారు. నవంబరు 1న అమెరికా కాంగ్రెస్ షెర్మన్ కొనుగోళ్ళను కూడా రద్దు చేసింది. పెద్ద కొనుగోలుదారులు ఇద్దరూ ఒకే ఏడాది చేతులెత్తేశారు. హారిసన్ అవెన్యూ సలూన్లలో పనుల కోసం మేస్త్రీలను వెతికే కూలీలు, మేస్త్రీలే లేని బల్లల ముందు నిలబడ్డారు.

చరిత్ర పుస్తకాల్లో షెర్మన్ చట్టం రద్దుకే ఎక్కువ చోటు దొరుకుతుంది. కానీ తేదీలు వరసగా పెట్టుకుని చూస్తే లెడ్‌విల్‌కు మొదటి దెబ్బ సిమ్లా నుంచే తగిలింది. ఆ దెబ్బ మనవాళ్ళకూ తగిలింది. అంతవరకూ తులం వెండి కడియానికీ ఒక రూపాయి నాణేనికీ ఉన్న బంధం తెగిపోయింది. శిస్తు రూపాయల్లోనే కట్టాలి, కంసాలి దగ్గర వెండికి మాత్రం బజారు ధరే. 1898 నాటికి రూపాయి నాణెంలో ఉన్న వెండి సుమారు పది అణాల విలువ చేసేది. అంటే పల్లెల్లో తరతరాలుగా కూడబెట్టిన వెండిలో ఆరణాల వంతు ఒక్క చట్టంతో, ఆ తర్వాత సాగిన ధరల పతనంతో కరిగిపోయింది. దాదాభాయి నౌరోజీ వంటివాళ్ళు ఈ అన్యాయాన్ని ఎత్తిచూపారు. ఎవరూ వినలేదు. సీమ రైతు భార్యా, లెడ్‌విల్ గని కూలీ ఒకరి పేరు ఒకరు వినకుండానే ఒకే కాగితం వల్ల నష్టపోయారు. ఆ కాగితం మీద సంతకాలు పెట్టినవాళ్ళకు ఇద్దరిలో ఎవరూ గుర్తులేరు.

టేబర్ కూడా కూలిపోయాడు. ఆగస్టాకు విడాకులిచ్చి, 1883లో వాషింగ్టన్‌లో అధ్యక్షుడు చెస్టర్ ఆర్థర్ అతిథిగా రాగా బేబీ డో అనే అందగత్తెను పెళ్ళాడిన మనిషి, 1893 తర్వాత ఇల్లు కూడా మిగుల్చుకోలేదు. చివరి రోజుల్లో డెన్వర్ పోస్టుమాస్టరుగా చిన్న జీతం మీద బతికి 1899లో చనిపోయాడు. పద్దులు రాసిన ఆగస్టా మాత్రం తన వాటా జాగ్రత్తగా నిలుపుకుని ధనవంతురాలిగానే 1895లో పోయింది. బేబీ డో మ్యాచ్‌లెస్ గని పక్క చెక్క గుడిసెలో ఏళ్ళ తరబడి ఒంటరిగా ఉండి, 1935 మార్చిలో చలికి బిగుసుకుపోయి కనిపించింది.

ఊరు మాత్రం చావడానికి ఒప్పుకోలేదు. 1896 చలికాలంలో ఐదు వేల టన్నుల మంచుగడ్డలతో ఒక రాజప్రాసాదం కట్టి యాత్రికుల్ని రప్పించాలని చూశారు. ఎండ కాసి మార్చి చివరికి మూసేశారు. తర్వాత జింకు, ఆపైన మాలిబ్డినం ఆదుకున్నాయి. 1916 జనవరి 1 నుంచి కొలరాడోలో మద్యనిషేధం వచ్చింది, దేశమంతా రావడానికి నాలుగేళ్ళ ముందే. పాడుబడ్డ గని సొరంగాల్లో సారా బట్టీలు లేచాయి. లెడ్‌విల్ మూన్ అనే ఆ నాటుసారా డెన్వర్ దాకా పేరు తెచ్చుకుంది. 1933లో నిషేధం పోయాక సలూన్లు మళ్ళీ తెరుచుకున్నాయి.

నిషేధం నడుస్తున్న కాలంలోనే వెండి కథ ఇంకో మలుపు తిరిగింది. మొదటి ప్రపంచ యుద్ధంలో భారతదేశంలో నోట్ల మీద నమ్మకం సడలి, జనం నోటిచ్చి వెండి రూపాయి అడగడం మొదలుపెట్టారు. ప్రభుత్వ ఖజానాలో వెండి అడుగంటింది. బ్రిటన్ అమెరికాను అడిగింది. 1918 ఏప్రిల్‌లో అమెరికా కాంగ్రెస్ పిట్‌మన్ చట్టం చేసింది. బ్లాండ్–ఆలిసన్, షెర్మన్ చట్టాల కింద కొన్న వెండితో పోసి ఖజానాలో గుట్టలుగా పడివున్న డాలర్లలో 27 కోట్లకు పైగా కరిగించారు. అందులో 25 కోట్ల 90 లక్షలకు పైగా డాలర్ల వెండి, ఔన్సు ఒక డాలరు చొప్పున, భారతదేశం కోసం అమ్మారు. ఆ వెండి దిమ్మెలు ఓడలెక్కి వచ్చి ఐదో జార్జి బొమ్మ ఉన్న రూపాయలయ్యాయి. 1893లో మన టంకశాల తలుపు మూసుకోవడంతో గుండె పగిలిన ఆ పడమటి కొండల వెండి, పాతికేళ్ళకు అదే టంకశాలలోకి వచ్చింది. మన తాతముత్తాతలు సంతల్లో రాతి మీద మోగించి, మంచిదో కాదో చూసి, మొలలో దోపుకున్న రూపాయల్లో అది ఉంది.

సిల్వర్ డాలర్ సలూన్‌కు వెళ్ళేవాళ్ళు సాధారణంగా డాక్ హాలిడే గురించి అడుగుతారు. అడగవలసిన మనుషులు ఇంకా ఉన్నారు. ఊరి అంచున ఎవర్‌గ్రీన్ శ్మశానంలో, సమాధులకు విడిగా గుర్తు రాళ్ళు లేని పేదల భాగంలో, 1,300 మందికి పైగా పడుకుని ఉన్నారు. వాళ్ళలో ఎక్కువమంది ఐర్లండ్ నుంచి వచ్చిన గని కూలీలు, వాళ్ళ పసిపిల్లలు. రోజుకు నాలుగు డాలర్లు అడిగి 1880లో, మూడు డాలర్లు అడిగి 1896లో సమ్మె చేసింది వాళ్ళే. పదహారేళ్ళలో కోరిక ఒక డాలరు తగ్గింది, సైన్యం మాత్రం రెండుసార్లూ దిగింది. మైకేల్ మూనీ అనే కూలీ నాయకుడు మొదటి సమ్మెను ఎలా కూడగట్టాడో, గవర్నర్ పిట్కిన్ ఎందుకు సైనిక శాసనం విధించాడో వచ్చే భాగంలో.